చూరునీళ్ళు

మా కనజావాలో
అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకూడదంటారు.
తడవడంలో నా పెరడు
ఊరికన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది.

అందులో సగం తప్పు వానది.
మిగతా సగం సుగిమోరి గారిది.
ఆయన సైకిల్ షెడ్డు రేకు
గోడ దాటి జానెడు ఇటు వాలి ఉండేది.
పదకొండేళ్ళు ఆ చూరునీళ్ళు నా పెరట్లోకే.

రెండుసార్లు చెప్పాను. ఒకసారి ఉత్తరం రాశాను.
వాడకట్టు సమావేశంలో అందరూ టీ తాగుతుంటే
ఎవరి పేరూ ఎత్తకుండా కూడా చెప్పాను.
తనకు కాదన్నట్టు
ఆయనా అందరితోపాటు తలూపారు.

ఆ జాలునేలలో లావెండర్ వారం బతికింది.
చేమంతి మొదలు కుళ్ళి, పట్టుకుంటే చేతిలోకే వచ్చింది.
తర్వాత నాచు.
నాచు మీద నత్తలు.

"కాళ్ళు తడిలో, నెత్తి ఎండలో ఉండాలి దీనికి"
అంటూ హకుయి నుంచి ఆదివారం సంతకొచ్చే మొక్కలామె
అరచేతంత కుండీ చేతిలో పెట్టింది.
ఐదు రంగుల దొకుదామి.
ఆకులు పేకముక్కల మీది ఆఠీను గుర్తులు,
అంచున ఎరుపు, లోపల మీగడ, నడుమ పచ్చ,
ఎక్కడో చిటికెడు ఇత్తడి.
చిదిమితే నీసు కంపు.
దీని పచ్చటి చుట్టాన్ని పీకీ పీకీ
మా అత్తగారు నడుం పోగొట్టుకుంది.
నేను డబ్బిచ్చి కొన్నాను.

"కుండీలోనే ఉంచండి. నేలలో వదిలారంటే మీ మాట వినదు."
నా మాట వినేదేదీ ఆ పెరట్లో మొదట్నించీ లేదు కనక
నేలలోనే పెట్టాను.

మొదటి ఏడు జానెడు.
రెండో ఏడు ఎటు పోతోందో తెలియలేదు,
తెల్లటి వేళ్ళు మట్టి కింద చాడీల్లా పాకాయి.
మూడో ఏడు జూన్‌లో చూస్తే
చూరునీళ్ళు పడే గీత పొడుగునా,
ఎవరో తివాచీ దులపడానికి తెచ్చి
అక్కడే మరిచిపోయినట్టు.

వాన మొదలైతే కిటికీ తీసుకుని కూర్చునేదాన్ని.
రేకు మీంచి టపటపా.
ఇంకాస్త పోయవయ్యా, అనుకునేదాన్ని
ఎవరి పేరూ ఎత్తకుండా.

ఒక పొద్దున గోడ మీద సుగిమోరి గారి తల మొలిచింది.
చేతిలో మూడు కొమ్మలు.
"మీ మొక్క మా వైపు వచ్చింది."
క్షమించమని నడుం వంచాను.
"రావడం సరే. రంగులేవీ?"
మూడు కొమ్మలూ వట్టి పచ్చ.
"మంచివి మీ దగ్గర ఉంచుకుని
మిగిలింది మాకు పంపినట్టున్నారు."

"నీడండీ," అన్నాను.
"మీ రేకు నీడ. ఎండ తగలకపోతే అది రంగు కట్టుకోదు."
అంతే అన్నాను, ఒట్టు.
నీళ్ళ మాట నోట రానివ్వలేదు.

శనివారం అటు నుంచి సుత్తి చప్పుడు.
మధ్యాహ్నానికి రేకు లేదు.
ఆ చోట ఇంత ఆకాశం ఉందని
నాకూ తెలియదు.

ఆయన వైపు కొత్త చిగుళ్ళకి
ఎర్ర అంచు తిరిగిందట.
గోడ మీంచి చూపించారు, మనవరాలి మార్కుల కాగితంలా.

జూన్‌లో తాగింది ఆగస్టు దాకా దాచుకునే నా నేల
ఈసారి జులై చివరికే చేతులెత్తేసింది.
తివాచీకి మధ్యలో చిరుగు పడింది.
అంచులు ఎరుపు దాటి గోధుమరంగు.

పొద్దు వాలాక
బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెతో మోసుకొస్తాను.
చాలవు. మళ్ళీ కుళాయి దగ్గరికి.
పదకొండేళ్ళు వద్దన్న నీళ్ళు
ఇప్పుడు చెంబు చెంబుగా నా మోకాళ్ళ మీద.

ఆకుల కింద
వేళ దాటి పూసిన ఒక్క పువ్వు, నాలుగు తెల్ల రేకులతో.
తుప్పు పట్టిన ఐదో రేకు
గోడకవతల, ఆయన పాత సైకిల్ వెనక
నిలువుగా ఆనించి ఉంది.
ఏమని అడగను?